ఆదివారం కట్టని ఎడ్లు

దేవకృప కలరాతో చచ్చిపోలేదు. బండి కట్టనివ్వనందుకు చచ్చిపోయింది. యాప్రాల్ పక్కనున్న మిషను కాంపౌండులో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసే కలరా అంటారు. కలరా అనేస్తే ఎవరూ ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

ఆమె మొగుడు జకర్యా ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

అది పోలీసు యాక్షనుకు ముందటి ఆదివారం. మర్నాడే యూనియన్ ఫౌజు నిజాం సరిహద్దు దాటి వస్తుందని ఆ రోజు ఎవరికీ తెలియదు. రజాకార్ల భయానికి పల్లెలు విడిచి వచ్చిన జనం కాంపౌండు బడి వరండాల్లో కిక్కిరిసి ఉన్నారు. దేవకృప వాళ్ళకు పూటపూటా గంజి పోసేది. తెల్లవారుజామున పట్టుకున్న వాంతులు, విరేచనాలు పొద్దెక్కేసరికి ఆమె కళ్ళను గుంటల్లోకి లాగేశాయి. తిరుమలగిరి దాటాక వచ్చే లష్కర్ పట్నంలో పెద్ద దవాఖానా ఉంది. కాంపౌండుకు ఒక బండి, రెండు ఎడ్లు ఉన్నాయి. కానీ అవి చర్చి సంఘం ఎడ్లు. సంఘం ఎడ్లను ఆదివారం కాడి కిందికి తేకూడదు. మిషను తెల్లదొరల కాలంలో పెట్టిన కట్టడి అది. ఆ రోజు మనిషికీ విశ్రాంతే, పశువుకూ విశ్రాంతే.

సంఘపెద్ద ఆర్థర్ చర్చి మెట్ల మీద నిలబడి, "ఈ రోజు కాదు జకర్యా. ప్రార్థన చేద్దాం. రేపు తెల్లారగానే కట్టుకుందువుగాని" అన్నాడు.

ప్రార్థన చేశారు. బాగానే చేశారు, చాలాసేపు చేశారు. ఆ ప్రార్థన ముగియకముందే జకర్యా పెళ్ళాన్ని వీపున వేసుకుని గేటు దాటాడు. ఎండలో నడిచాడు. తిరుమలగిరిలో లాల్‌బజారు ఇంకా రాకముందే వీపు మీది బరువు మారింది. ప్రాణమున్న మనిషి వీపును పట్టుకుని ఉంటుంది. ప్రాణం పోయిన మనిషి వేలాడుతుంది. జకర్యా రోడ్డు పక్కన కూర్చుని ఆమెను ఒళ్ళోకి తీసుకున్నాడు. తొవ్వలో రజాకార్లెవరూ లేరు. ఒక కుక్క ఉంది, అంతే.

వారం తిరక్కుండా రాజ్యం మారింది. తిరుమలగిరి బారకాసుల్లో యూనియన్ ఫౌజు దిగింది. ఆర్థర్ కాంపౌండు గేటుకు మూడు రంగుల జెండా కట్టించి, దాని కింద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ చీకటి రోజుల్లో మనం ఎవరికీ జంకలేదు, ఇంతమందికి నీడనిచ్చి ధైర్యంగా నిలబడ్డాం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. జకర్యా చేతులు మాత్రం లేవలేదు. ఆ చప్పట్లు అతని చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

అంత జరిగాక కూడా అతను ప్రభువు మడిలో పనికి పోవడం మానలేదు. అదే అందరికీ వింతగా ఉండేది.

ప్రభువు మడి అంటే కుంట కింద సంఘానికున్న వరిపొలం. కూలి లేదు. ఏడాది మొదట్లో చర్చిలో ఒక్కొక్క ఇంటివాళ్ళు లేచి నిలబడి తామేం చేస్తారో చెబుతారు. నాట్లు వేస్తామంటారు కొందరు, కలుపు తీస్తామంటారు కొందరు. శనివారం శనివారం వచ్చి మాట చెల్లిస్తారు. పండిన గింజ దిక్కులేని వాళ్ళ గంజికి పోతుంది. ఆ ఏడు దేవకృప లేచి, "కోత ఇంటికొచ్చేదాకా మేమిద్దరం. ఎడ్ల పని మా ఆయనది" అనేసింది. మొగుణ్ణి అడగనైనా లేదు. తిరుమలగిరి బంగళాలో తోటమాలి పని చేసి వచ్చి, పొద్దున్నా సాయంత్రం సంఘం ఎడ్లకు చాకిరీ చేయమంటావా అని జకర్యా ఇంటికొచ్చి కయ్యమాడాడు. ఆమె నవ్వింది.

"నీకు మనుషులతోని ఎట్లాగూ పడదు. ఎడ్లతోనన్న మాట్లాడుకో" అంది.

ఇచ్చిన మాట దేవకృపది. కోత ఇల్లు చేరేదాకా ఆ మాట చెల్లించాలి, ఆ పైన ఈ గేటు దాటి పోవాలి. జకర్యా లెక్క అంతే. అందులో దేవుడికి గానీ ఆర్థర్‌కు గానీ చోటు లేదు.

నవంబరులో కోత పడింది. శనివారం పొద్దుగూకేసరికి ఆఖరి మడి కూడా కోసి, వరి పనలు ఆరడానికి నేల మీద పరిచి వచ్చారు. సోమవారం బండి కట్టి తెచ్చుకుందామన్నారు.

తెల్లవారింది. ఆదివారం. జకర్యా కొట్టం ఊడ్చాడు, పేడ ఎత్తాడు, ఎడ్లను బావి దగ్గరికి తోలుకుపోయి నీళ్ళు తాపాడు, గడ్డి వేశాడు. భార్య పోయినప్పటి నుంచి అతను చర్చి గడప తొక్కలేదు. గంట కొట్టగానే తెల్లబట్టలు కట్టుకున్న జనం అతని ముందునుంచే లోపలికి పోతారు. కొందరు తల ఊపుతారు. అతను ఎడ్ల వైపు తిరుగుతాడు.

పాట మొదలైంది. బుచ్చమ్మ వచ్చి కొట్టం అరుగు మీద కూర్చుంది. జనగామ దిక్కు నుంచి వచ్చిన ముసలమ్మ. కొడుకును రజాకార్లు కాల్చేశారు, ఇల్లు తగలబెట్టారు. రాజ్యం మారినా పోవడానికి ఆమెకు ఊళ్ళో ఏమీ మిగల్లేదు. తాను కొలిచే దేవుళ్ళు వేరు కాబట్టి ఆదివారం పూట జకర్యా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. చచ్చిన దేవకృపను కడిగి, చీర కట్టింది ఆమే. కలరా శవమని మిగతావాళ్ళు దూరం నిలబడ్డారు.

"ఏందిరా జకర్యా, మీ దేవునికి జెర చెవుడా? గంత గట్టిగ ఒర్రుతున్నరు" అంది.

"నన్నెందుకడుగుతవ్? పోయి వాళ్ళనడుగు."

"అబ్బో! నీ మొఖం జూస్తే ఎడ్లు సుత గడ్డి తినుడు బంద్ చేస్తయి. ఇగో, గటు జూడు."

తూర్పు దిక్కున మబ్బు పట్టింది. కాలంగాని కాలపు మబ్బు. అడుగున నల్లగా, అంచున రాగి రంగులో ఉంది. గాలి ఆగిపోయింది.

పక్క పొలం రైతు వీరయ్య పనలు నింపిన బండిని అదిలించుకుంటూ ఆ దారినే వస్తున్నాడు. కొట్టం దగ్గర ఎడ్లు పడుకుని నెమరు వేయడం చూసి బండి ఆపాడు.

"ఏం జకర్యా, మీ పనలు నేల మీదనే ఉన్నయి గద! మీ దేవుడు ఆదివారం పండుకుంటడు సరే, వాన పండుకుంటదా?"

"నాతోని చెప్తే ఏం లాభం? గా లోపల చెప్పు."

వీరయ్యకు మొహమాటం తక్కువ. చెప్పులు విడిచి చర్చి గుమ్మం దాకా పోయి, "ఓ ఆర్థరయ్యా! పాట తర్వాత పాడుకోవచ్చు, మీ వరి మునుగుతది!" అని కేకేశాడు. పాట తెగిపోయింది.

జనం బయటికి వచ్చి ఆకాశం చూశారు. ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. నల్లకోటు వేసుకున్న ఆర్థర్ మెట్లు దిగి నేరుగా కొట్టం దగ్గరికి వచ్చాడు. అతనిది గుంటూరు వైపు. కంటోన్మెంటు కచేరీలో హెడ్ క్లర్కు. పాస్టరు నెలకొక్కసారి వస్తాడు కాబట్టి కాంపౌండులో అతని మాటే మాట.

"జకర్యా, త్వరగా ఎడ్లను కట్టు" అన్నాడు.

జకర్యా అరుగు మీద నుంచి లేవలేదు. "ఇయ్యాల ఆదివారం" అన్నాడు.

"ఏమిటీ?"

"ఆదివారం, ఆర్థరయ్యా. సంఘం ఎడ్లను ఆదివారం కట్టరాదు. కట్టడి."

ఆర్థర్ భార్య కాంతమణి కొంగు బిగించి ముందుకు వచ్చింది. "ఇదేం మాటయ్యా? బీదాబిక్కీ నోటి దగ్గరి గింజలవి. అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటి గాదమ్మా. గింజలు మళ్ళేడు పండ్తయి."

ఆర్థర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు మెత్తన చేసుకుని, "అట్లా కాదు నాయనా. ఆపద వేళకు వాక్యంలోనే సడలింపు ఉంది. నేను చూపిస్తాను..." అంటూ చంకలోని పుస్తకం తెరవబోయాడు.

"మూసెయ్యి" అన్నాడు జకర్యా. లేచి నిలబడ్డాడు. "నేను పల్లెబడిల సదివినోన్ని. వాక్యంల మడతలు నాకు తెల్వయి. గా సడలింపు ఆనాడు సుత గా పుస్తకంల ఉండె గద. నా పెండ్లాం నీ మెట్ల ముందట పొర్లుతుంటే ఎందుకు తీయలేదు?"

కాంపౌండులో ఆర్థర్‌ను నువ్వు అన్నవాడు లేడు. అన్నాక జకర్యాకు గొంతు తేలికైంది.

"ఎందుకు తీయలేదో నేను చెప్తా. ఆదివారమని గాదు. తొవ్వల రజాకార్లుంటరని నీకు బుగులైంది. బండి పట్టుకుంటరు, ఎడ్లను తోలుకపోతరు, ఎవరి బండని అడిగితే, పారిపోయొచ్చినోళ్ళను దాచిపెట్టిన నీ పేరు బయటికొస్తది. గందుకే నీకు కట్టడి యాదికొచ్చింది. జెండా కింద నిలబడి ఎవరికీ జంకలే అంటివి. ఇప్పుడు గీ మంది ముందట నిజం చెప్పు. భయపడ్డ, అందుకే ఇయ్యలే అను. ఒక్క మాట. అంటే నేనే కడ్త, నేనే తోల్త, ఒక్క గింజ తడవనియ్య."

ఆర్థర్ జనం వైపు చూశాడు. జనం ఆర్థర్ వైపు చూడలేదు. నేలను చూశారు, మబ్బును చూశారు. దూరంగా ఉరిమింది.

"దేవుని చిత్తం జకర్యా," అన్నాడు ఆర్థర్ చివరికి. "ఆమెను ఆయన పిలుచుకున్నాడు. దానికి మనుషుల మీద..."

జకర్యా మిగతాది వినలేదు. నాలుగంగల్లో బండి దగ్గరికి పోయాడు. చక్రం ఇరుసు మీద నుంచి జారకుండా ఇరుపక్కలా దిగ్గొట్టిన ఇనుప శీలలను సుత్తెతో కొట్టి ఊడబెరికాడు. రెంటినీ పిడికిట్లో పట్టుకుని మోటబావి గట్టెక్కి లోపలికి విసిరేశాడు. నీళ్ళు చప్పుడు చేశాయి.

"కట్టు! ఎవడు కడ్తడో కట్టుండ్రి!" అని అరిచాడు.

"వీడికి సైతాను పట్టింది," అంది కాంతమణి. మగవాళ్ళు పరుగెత్తి శీలల చోట కట్టెముక్కలు చెక్కి దిగ్గొట్టారు. ఎడ్లను కట్టి అదిలించారు. బండి గేటు దాకా కూడా పోలేదు. కట్టె విరిగి ఎడమ చక్రం పక్కకు దొర్లింది, ఇరుసు నేలను గుద్దుకుంది. ఎడ్లు బెదిరి పలుపులు తెంచుకోబోయాయి. వీరయ్య వాటిని పట్టుకుని, "ఇగ దీని మీద మోసినట్టే! నాదింకా సగం పొలం మీదనే ఉంది, నన్నడగకుండ్రి" అని తన బండి తోలుకుని పోయాడు.

అప్పుడు బుచ్చమ్మ లేచింది. వచ్చి జకర్యా ఎదురుగా నిలబడింది. ఆమె తల అతని రొమ్ము దాకా కూడా రాదు.

"అయిందా? సల్లవడ్డదా పాణం?" అంది.

జకర్యా చేతికంటిన ఇరుసు కందెనను పంచెకు తుడుచుకున్నాడు.

"ఆర్థరయ్యేం తింటడు, గంజి తాగుతడా? ఆయనకు కచేరీల జీతం రాదా? తడిసేటివి నా గింజలురా. నీ పెండ్లాం వొంట్ల సత్తువ లేకున్నా నాకు పోసినంకనే తను తాగింది. నువ్వు ఆయన మీది కోపం నా కంచంల గుమ్మరిస్తున్నవ్. గుమ్మరియ్యి. నాకు కొత్తనా? రజాకార్లు సుత గంతే జేసిండ్రు."

ఆ చివరి మాట అని ఆమె ఆగలేదు. కొట్టంలో దూలానికున్న తాడు లాక్కుని, తలకు పాతచీర పేలిక చుట్టుకుని కుంట దారి పట్టింది. నడుము వంగిన ముసల్ది, మోపు మోయడానికి పోతోంది.

జకర్యా మొహం నల్లబడింది. తనను ఆ రజాకార్లతో కలిపింది. ఆర్థర్ నోట ఆ మాట వచ్చి ఉంటే గొంతు పట్టుకునేవాడు. బుచ్చమ్మను ఏమనగలడు? ఆమె మాటలో తప్పు వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది, కానీ ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. తాడొకటి తీసుకుని ఆమె వెంట నడిచాడు. ముసల్దాన్ని దాటేసి ముందు పొలంలో దిగాడు.

అరమైలు దారి. తాడు పరిచి, పనలు పేర్చి, మోకాలు ఆనించి బిగించి, మోపు కట్టాడు. మొదటి మోపుతో తిరిగి వస్తుంటే ఎదురుగా తెల్లబట్టల జనం వస్తున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చర్చి చీరలు కుచ్చిళ్ళు పైకి దోపుకున్నారు, పంచెలు ఎగ్గట్టుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క మోపు. కళ్ళంలో వేస్తే లాభం లేదు కాబట్టి చర్చిలోకే మోశారు. చాపలు చుట్టి పక్కన పడేసి, బల్లలు గోడకు జరిపి, పీఠం దాకా వరి పేర్చారు. భార్య పోయాక తొక్కనన్న గడపను జకర్యా ఆ రోజు ఎన్నిసార్లు తొక్కాడో అతనికే తెలియదు. కళ్ళెత్తి చూడలేదు. మోపు దింపాడు, వెనక్కి తిరిగాడు.

దారిలో ఒకడు, "అన్నా, జెర నిమ్మలంగ పో, జారుతది" అన్నాడు. జకర్యా ఇంకా పెద్ద అంగలు వేశాడు.

సగం పొలం ఖాళీ అయ్యేసరికి చినుకు పడింది. కాసేపటికి ధార కట్టింది. కింది మడుల్లో నీళ్ళు నిలిచి పనలు తేలాయి. తడిసిన వరి రెండింతల బరువు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. బుచ్చమ్మను చేతులు పట్టుకుని ఎవరో చర్చిలో కూర్చోబెట్టారు. జకర్యా ఆగలేదు. గట్టు పక్క మెరక మడిలో ఇంకా మునగని పనలున్నాయి. వాటిని కట్టాడు. పెద్ద మోపైంది. ఒక్కడికి లేవదు. మోపు తలకెత్తుకోవాలంటే ఎదుట ఇంకొక మనిషి కావాలి. ఇద్దరూ మొహం మొహం పెట్టి, అడుగున చేతులు వేసి, ఒక్క ఊపున లేపాలి.

చుట్టూ చూశాడు. పొలంలో ఉన్నది ఆర్థర్ ఒక్కడే.

కోటు ఎక్కడో వదిలేశాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళద్దాలు లేవు. మొహం మీద బురద. అతను కూడా పొద్దుటి నుంచి మోస్తూనే ఉన్నాడని జకర్యాకు అప్పుడే తెలిసింది. తెలిసినా మనసు కరగలేదు. మోసేవాడు మోస్తాడు. అందులో గొప్పేముంది?

ఆర్థర్ వచ్చి ఎదుట వంగాడు. ఇద్దరి చేతులూ మోపు కిందికి పోయాయి. అతని ఊపిరి జకర్యా మొహానికి తగులుతోంది. మోపు లేవలేదు. ఆర్థర్ లేపలేదు.

"భయపడ్డాను," అన్నాడు. వాన చప్పుడులో వినీ వినపడనట్టు. "ఆదివారం కాదు జకర్యా. నువ్వన్నదే నిజం. భయం. రజాకార్లు వస్తారేమోనని గేటు వైపు చూస్తూనే మెట్ల మీద నీతో మాట్లాడాను. ఆనాటి నుంచి నాకు నిద్ర లేదు."

జకర్యా అతని కళ్ళలోకి చూశాడు.

"ఒక్క మాట అను. పోనీలే అను. చాలు."

"పొద్దుగాల మంది ముందట అడిగిన," అన్నాడు జకర్యా. "గప్పుడు నీ నోరు పెగల్లేదు. ఇక్కడ ఎవరున్నరని చెప్తున్నవ్? వానకు చెప్తున్నవా?"

"చెబుతాను. అందరి ముందూ చెబుతాను. ముందు నువ్వు..."

"మోపెత్తు."

"జకర్యా..."

"మోపెత్తు!"

ఆర్థర్ ఎత్తాడు. జకర్యా తల మీద సర్దుకుని, వెనక్కి చూడకుండా గట్టెక్కాడు.

చర్చి నిండా తడి గడ్డి వాసన. సగం పంట లోపలికి చేరింది. సగం నీళ్ళలో ఉండిపోయింది. జనం గోడల వెంబడి కూలబడ్డారు. చివరగా ఆర్థర్ వచ్చాడు. ప్రార్థన చేయమన్నట్టు అందరూ అతని వైపు చూశారు. అతను వరి పక్కన నిలబడి చేతులు జోడించాడు. జకర్యా గుమ్మం బయటే చూరు కింద నిలబడి విన్నాడు. వినడానికే నిలబడ్డాడు.

ఆర్థర్ జనాన్ని ఒకసారి చూశాడు, గుమ్మం వైపు చూశాడు. జకర్యా గుమ్మాన్ని గట్టిగా పట్టుకున్నాడు. చెబుతాడు. ఇప్పుడు చెబుతాడు.

"తండ్రీ," అన్నాడు ఆర్థర్, "మా చేత ఏక మనసుతో పని చేయించినందుకు నీకు స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు.

జకర్యా చూరు కింద నుంచి వానలోకి నడిచాడు. కొట్టంలో ఎడ్లకు గడ్డి వేసి, పలుపులు సరిచూశాడు. తన గదిలోకి పోయి రెండు దుప్పట్లు, ఒక చెంబు, దేవకృప చీర ఒకటి మూటగట్టాడు. కోత ఇంటికొచ్చింది. ఆమె మాట చెల్లింది.

వాన తగ్గాక మూట చంకన పెట్టుకుని గేటు వైపు పోతుంటే బుచ్చమ్మ అడ్డం వచ్చింది. చేతిలో వేడి గంజి చెంబు ఉంది.

"ఇది తాగి పో."

నిలబడే తాగాడు. ఆమె అతని మొహం చూస్తూ నిలబడింది. పొద్దుటి మాట వెనక్కి తీసుకోలేదు. అతను తీసుకోమనలేదు.

"మెరక మడికాడ ఆయన నీతోని ఏమో అంటుంటే కుంట కట్ట మీదికెళ్లి ఎవరో చూసిండ్రట. అందరు గదే ముచ్చట పెడుతున్నరు. ఏమన్నడు? ఒప్పుకున్నడా?"

జకర్యా చెంబు ఆమె చేతికిచ్చాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఏమన్నడో ఆయన్నే అడుగు. నేను చెప్తే ఆయన బరువు దిగుతది. దిగనియ్య. మందిల చెప్పెటోడు అయితే చెప్పుకుంటడు, లేకుంటే దాన్ని మోసుకుంటనే సస్తడు."

"మరి నువ్వు? నువ్వు సుత మోసుకుంటనే తిరుగుతవా?"

"నన్ను అడగకు. ఇయ్యాల అడిగినవ్, ఇదే ఆఖరు. గీ ముచ్చట నా నోట మళ్ళ రాదు. ఆయన ముందట రాదు, నీ ముందట రాదు, దేవుని ముందట సుత రాదు."